30 పాలసీల్లో 12 ఆగిపోయాయి: ఒక బీమా సఖి రెండో ఏడాది లెక్క

రెండో ఏడాది అయిదో నెల స్టైపెండ్ 6,000 ఖాతాలో పడలేదు. బ్రాంచికి ఫోన్ చేస్తే "పోయినేడాది పాలసీలు ఎన్ని నడుస్తున్నాయో చూసుకోండమ్మా" అన్నారు. డ్యూ లిస్టు, అంటే వాయిదాలు కట్టాల్సిన పాలసీల జాబితా, తీసి చూస్తే 30లో 18 మాత్రమే నడుస్తున్నాయి.

ఇది గుంటూరు జిల్లా దుగ్గిరాల చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేసే ఏజెంటు కేసు. డెల్టా పల్లెల్లో తరచూ కనిపించే తప్పుల్ని, దిద్దుబాట్లను ఒకే మనిషి పద్దుగా కూర్చిన నమూనా ఇది. మనిషి 34 ఏళ్ళ గృహిణి, పదో తరగతి పాస్, డ్వాక్రా సంఘం లీడరు. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి, లెక్కలు రాయడం అలవాటున్న మనిషి. ఏజెన్సీకి ఇంతకంటే మంచి పునాది ఉండదు. అయినా 12 ఎందుకు ఆగాయన్నదే ఇక్కడి ప్రశ్న.

బీమా సఖి పథకాన్ని 2024 డిసెంబర్ 9న పానిపట్‌లో ప్రధాని ప్రారంభించారు. 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వయసు, పదో తరగతి ఉంటే చాలు. ఇది ఉద్యోగం కాదు, ఎల్‌ఐసీ ఏజెన్సీయే. కాకపోతే మూడేళ్ళ పాటు కమీషన్‌తో పాటు నెలకు స్టైపెండ్ ఇస్తారు: తొలి ఏడాది 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. ఏడాదికి కనీసం 24 కొత్త జీవితాలు (అంటే 24 మంది కొత్త మనుషులకు బీమా), బోనస్ కమీషన్ కలపకుండా 48,000 తొలి ఏడాది కమీషన్ చేయాలి. రెండో ఏడాది స్టైపెండ్‌కు ఇంకో షరతు ఉంది. తొలి ఏడాది చేసిన పాలసీల్లో 65 శాతం నడుస్తూ ఉండాలి. చేరేటప్పుడు అందరి కళ్ళూ 24 మీద, 48,000 మీదే ఉంటాయి. 65 అన్న అంకె దగ్గర ఎవరూ ఆగరు.

లైసెన్సు దాకా పెద్ద కష్టమేమీ ఉండదు. శిక్షణ తర్వాత రాసే ఐసీ-38 పరీక్షలో 50 ప్రశ్నలు, గంట సమయం, 35 శాతం వస్తే పాస్. ఈమెకు ఒక్కసారికే వచ్చింది.

తొలి ఏడాది పద్దు ఇలా ఉంది. ఏడాదికోసారి కట్టేవి 12, సగటున 12,000 చొప్పున. ఆరు నెలలకోసారి కట్టేవి 8, ఏడాదికి 10,000 చొప్పున. నెలవారీవి 10, నెలకు 1,000 చొప్పున. కాగితం మీద ఏడాది ప్రీమియం 3,44,000. దీర్ఘకాల ఎండోమెంట్ తరహా (పొదుపు, బీమా కలిసిన) పాలసీలకు బోనస్ తీసేస్తే తొలి ఏడాది కమీషన్ సుమారు 20 శాతం కాబట్టి 68,800 రావాలి. వచ్చింది 52,800. తేడా 16,000 ఎక్కడికీ పోలేదు, అసలు పుట్టలేదు. కమీషన్ వసూలైన ప్రీమియం మీదే వస్తుంది గాని, రాసిన పాలసీ మీద రాదు. నెలవారీ పాలసీ తొమ్మిదో నెలలో చేస్తే ఆ ఏడాదికి మూడు నాలుగు వాయిదాలే పడతాయి. ఈమె నెలవారీ పాలసీల్లో సగటున ఆరు వాయిదాలే జమయ్యాయి. అర్ధ సంవత్సరం వాటిలో నాలుగింటికి రెండో వాయిదా ఆ ఏడాదిలోపు రాలేదు. కొత్తవాళ్ళు తరచూ చేసే తప్పు ఇది: ఆఖరి మూడు నెలల్లో నెలవారీ పాలసీలతో లెక్క నింపబోతారు. జీవితాల సంఖ్య నిండుతుంది, కమీషన్ లెక్క నిండదు.

సరే, 52,800తో తొలి ఏడాది గట్టెక్కింది. అసలు గండం తర్వాత మొదలైంది.

ఆగిన 12లో నెలవారీవి 5, అర్ధ సంవత్సరంవి 3, వార్షికాలు 4. అయిదో నెలాఖరుకి గడువొచ్చిన వార్షిక పాలసీలు ఏడే. వాటిలో 4 ఆగాయంటే సగానికి పైగా. 30లో 65 శాతం అంటే 19.5, కనీసం 20 నడవాలి. అంటే స్టైపెండ్‌కు, ఈమెకు మధ్య అడ్డున్నవి రెండు పాలసీలు. రెండే కదా అని ఎవరి కాళ్ళో పట్టుకుని కట్టించేయొచ్చు. వచ్చే నెల మళ్ళీ అదే కథ. అందుకే ముందు 12 ఇళ్ళకూ వెళ్ళి కారణం రాసుకోవడం మొదలైంది. అడగాల్సినవి రెండే ప్రశ్నలు: డబ్బు ఏ చేతి నుంచి రావాలి? ఏ నెలలో రావాలి?

నెలవారీ పాలసీల కారణం ఒక పాస్‌బుక్కులో దొరికింది. సంఘం సభ్యురాలు ఒకామె వరండాలో పాస్‌బుక్కు ఇచ్చి నిష్ఠూరమాడింది.

"అక్కా, బ్యాంకులోనే కట్టవుతుంది, నువ్వేం చూసుకోనక్కర్లేదన్నావు. ఇప్పుడు ఆగిపోయిందంటావేంటి?"

"ఇదిగో చూడు, అయిదో తారీఖున ఏం పోయింది?"

"అది సంఘం లోను వాయిదా."

"దాని కింద ఏడో తారీఖున?"

ఏడో తారీఖున పోయింది ప్రీమియం కాదు, నాచ్ రిటర్న్ ఛార్జీ, అంటే ఆటో డెబిట్ తిరిగిపోయినందుకు బ్యాంకు వేసే రుసుము. అయిదున అప్పు వాయిదా పోయి ఖాతాలో 400 మిగిలింది, ఏడున వెయ్యి రూపాయల డెబిట్ వచ్చింది, తిరిగిపోయింది. మూడు నెలలు వరసగా అదే జరిగింది. ప్రతిసారీ ఫోనుకు మెసేజ్ వచ్చే ఉంటుంది, కానీ ఆ నంబరు భర్త జేబులో ఉండే ఫోనుది. అయిదులో మూడు పాలసీలు ఇలాంటివే. నాలుగోదానికి మాండేటే, అంటే ఖాతా నుంచి వాయిదా కోసుకోవడానికి బ్యాంకుకిచ్చే అనుమతే, నమోదు కాలేదు: ఫారం మీద చేసిన సంతకం బ్యాంకులో ఉన్న సంతకంతో కలవలేదు. తొలి వాయిదా నగదుగా కట్టింది గనక ఆటో డెబిట్ కూడా అయిపోయిందనుకున్నారు. అయిదోది హైదరాబాద్ వెళ్ళిపోయిన కుర్రాడిది, ఊళ్ళో ఖాతాలో డబ్బు వేయడం మానేశాడు.

నెలవారీ పాలసీకి గ్రేస్, అంటే వాయిదా తేదీ దాటాక ఇచ్చే అదనపు గడువు, 15 రోజులే. మిగతా మోడ్‌లకు, అంటే ఆరు నెలలకో ఏడాదికో కట్టే పద్ధతులకు, 30 రోజులు ఉంటుంది. చిన్న మొత్తం కదా, తేలిక కదా అని నెలవారీ అంటగడతాం గాని, ఖాతాలో నెలనెలా డబ్బు నిలబడే మనిషికే అది తేలిక. జీతగాళ్ళకు సరిపోతుంది. పాల బిల్లు 15 రోజులకోసారి బ్యాంకులో పడే ఇంటికి కూడా సరిపోతుంది. అప్పు వాయిదా కూడా తెగే ఖాతా మీద మాండేట్ పెట్టకూడదు. ఇంకో మాట: గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. అలాంటి మార్పు వచ్చినప్పుడల్లా ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ వివరాలు మాండేట్‌లో ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

అర్ధ సంవత్సరం పాలసీలు మూడూ డిసెంబర్‌లో చేసినవే. వరి కోత డబ్బు చేతిలో ఉన్న నెల, ఆనందంగా సంతకం పెట్టారు. రెండో వాయిదా జూన్‌లో పడింది. జూన్ అంటే పిల్లల ఫీజులు, నారుమడి, ఎరువులు, కౌలు అడ్వాన్సు. డెల్టా ఇంట్లో ఆ నెల రూపాయి మిగలదు, పైగా అప్పు పుడుతుంది. ఈ సంగతి ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఏజెంటుకు తెలియదా? తెలుసు. కానీ ప్రపోజల్ ఫారం 300 నింపేటప్పుడు మోడ్ గడిలో ఒక టిక్కు పెట్టి పేజీ తిప్పేయడం అలవాటు. ఈ పాలసీలు ఆగడం జూన్‌లో బయటపడింది గాని, డిసెంబర్‌లో ఆ టిక్కు పడిన రోజే ఖాయమైంది.

పసుపు ఇళ్ళకు లెక్క వేరు. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం, ఉడకబెట్టి ఎండబెట్టాక యార్డుకు. ధర బాగుంటే వెంటనే అమ్ముతారు, లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తారు. పసుపు రైతుకు మార్చి 10న వాయిదా పెడితే కుదరకపోవచ్చు. ఏప్రిల్ ఆఖరు పెడితే నయం. పాలసీ మొదలయ్యే తేదీని అదే ఆర్థిక సంవత్సరంలో గడిచిపోయిన ఒక తేదీకి జరుపుకునే వీలుంది. దాన్ని ప్రీమియం లెక్కలో వయసు తగ్గించుకోవడానికే వాడతారు గాని, వాయిదా నెలను ఇంటి రాబడికి కలపడానికి కూడా వాడుకోవచ్చు.

వార్షికాలు నాలుగు. రెండు మొహమాటపు పాలసీలు, పిన్నిగారిది, మేనమామ కొడుకుది. "నువ్వు మొదలుపెట్టావు గదా, ఒకటి చేద్దాంలే" అని తొలి ప్రీమియం కట్టినవాళ్ళు రెండో ప్రీమియం తమ బాధ్యత అనుకోరు. మూడోది అంతకంటే చెడ్డది. తొలి ప్రీమియంలో 3,000 ఏజెంటే సర్దింది. బీమా చట్టం సెక్షన్ 41 కింద కమీషన్‌లో వాటా ఇవ్వడం నేరం, జరిమానా 10 లక్షల దాకా ఉంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, రిబేటుకు వచ్చినవాడు రెండో ఏడాది కూడా రిబేటే అడుగుతాడు. ఇవ్వలేకపోతే ఆపేస్తాడు. నాలుగోది "మూడేళ్ళు కట్టి ఆపేసినా డబ్బులొస్తాయి" అని చెప్పి రాయించింది. ఆయన మూడేళ్ళు కూడా ఆగలేదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినా సరెండర్ విలువ, అంటే పాలసీ మధ్యలో వదులుకుంటే ఇచ్చే డబ్బు, వస్తుందని ఎవరో చెప్పారు. కట్టినదంతా వస్తుందని ఆయన విన్నాడు. వచ్చేది అందులో కొంత భాగమే.

దిద్దుబాటు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల స్టైపెండ్, 24,000, పోయింది.

మొదట మాండేట్లు. నాలుగు నెలవారీ పాలసీలకు ఆగిన వాయిదాలు కౌంటర్‌లో కట్టించి, అప్పు లేని సొంత పొదుపు ఖాతా మీద కొత్త మాండేట్ పెట్టించింది. సంతకం బ్యాంకులో ఉన్నట్టే ఉందో లేదో చెక్కు పక్కన పెట్టి పోల్చింది. ఫోను నంబరు ఆడవాళ్ళదే రాయించింది. హైదరాబాద్ కుర్రాడు తిరిగి రాలేదు. తర్వాత డిసెంబర్ పాలసీలు మూడు: జూన్ వాయిదా లేటు ఫీజుతో కట్టి, డిసెంబర్ నుంచి వార్షికానికి మోడ్ మార్చుకుందాం అంటే ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఇంట్లో ఆ ఏడు కౌలు మిగల్లేదు, బలవంతం చేయలేదు. వార్షికాల్లో పిన్నిగారు కట్టింది. మిగతా మూడూ పోయాయి. రిబేటు మనిషికి ఈసారి ఏమీ ఇవ్వలేదు. సరెండర్ అడిగిన ఆయనకు ఎంత వస్తుందో బ్రాంచి నుంచి రాయించి చేతికిచ్చింది. అది చూసి ఆయన అరిచాడు. అరవనివ్వాలి, మనం చెప్పిన అబద్ధమే కదా.

ఏడు తిరిగి నడిచాయి, మధ్యలో ఇంకొకటి ఆగింది. 24. ముప్పైలో 80 శాతం.

రివైవల్, అంటే ఆగిన పాలసీని మళ్ళీ నడిపించడం, చేయించేటప్పుడు తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది, చాలామంది ఏజెంట్లు మింగేస్తారు. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం పాలసీ మూడేళ్ళు దాటాక ఏ కారణం మీదా క్లెయిమును ప్రశ్నించే వీల్లేదు. ఆ మూడేళ్ళు పాలసీ ఇచ్చిన తేదీ, రిస్క్ మొదలైన తేదీ, రివైవ్ అయిన తేదీల్లో ఏది చివరిదైతే అక్కడి నుంచి లెక్క. అంటే ఆగి మళ్ళీ మొదలైన పాలసీకి గడియారం మళ్ళీ సున్నా దగ్గరికొస్తుంది. ఆరోగ్య ప్రకటన, ఫారం 680, రాయాల్సి వస్తే అందులో ఈ మధ్య వచ్చిన షుగరు, బీపీ కూడా రాయాలి. "అదెవరు చూస్తారులే" అన్న మాటకు జవాబు ఉంది: ఆరోగ్యశ్రీ కింద, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద, చేరిన ప్రతి చికిత్సకూ ఆసుపత్రిలో కేసు షీటు ఉంటుంది. త్వరగా వచ్చిన క్లెయిములో విచారణ చేసేవారు మొదట వెతికేది అదే.

ఈ నాలుగు నెలల్లోనే ఇంకో పని మీద పడింది. కమీషన్ రూపాయి రాని పని, కేసును మలుపు తిప్పిన పని కూడా అదే. పక్క వీధిలో 36 ఏళ్ళ తాపీమేస్త్రి చనిపోయాడు. పాలసీ ఆరేళ్ళ నాటిది, చేసిన ఏజెంటు వృత్తి వదిలేసి వెళ్ళిపోయాడు. ఇలాంటివాటిని ఆర్ఫన్ పాలసీలంటారు. బాండు దొరకలేదు. దాని బదులు ఇన్‌డెమ్నిటీ (హామీ) కాగితాలు అవసరమయ్యాయి. బాండు వివరాల్లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. దాన్ని ఒక ప్రమాణపత్రంతో సర్దారు. చిక్కు నామినీ దగ్గర వచ్చింది. పాలసీ తీసుకున్నప్పుడు అతనికి పెళ్ళి కాలేదు. నామినీ తల్లి. పెళ్ళయ్యాక ఎవరూ మార్చలేదు. ఇప్పుడు భార్య, ఇద్దరు పిల్లలు ఒక ఇంట్లో, తల్లి చిన్నకొడుకు దగ్గర ఇంకో ఇంట్లో.

"వదినా, డబ్బు మాది కాదా?" అని ఆ అమ్మాయి అడిగింది.

సెక్షన్ 39 ప్రకారం తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లల్లో ఎవరైనా నామినీ అయితే ఆ డబ్బు వాళ్ళకే చెందుతుంది. పాత రోజుల్లోలా నామినీ ఊరికే డబ్బు తీసుకుని వారసులకు అందించే మనిషి కాదు. ఈ మాట ఆ వరండాలో చెప్పడం కష్టం. చెప్పకుండా "చూద్దాంలే" అంటే కోర్టు దాకా పోతుంది. ఏజెంటు చెప్పేసింది. క్లెయిము ఫారం తల్లితోనే సంతకం చేయించింది, క్యాన్సిల్డ్ చెక్కు, మరణ ధ్రువపత్రం జత చేసింది. విచారణ అవసరం లేని మరణ క్లెయిముకు గడువు 15 రోజులు, విచారణ ఉంటే 45. డబ్బు తల్లి ఖాతాలో పడింది. ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చుని సగం పిల్లల పేర డిపాజిట్ వేయించారు. ఆ మాటలో ఏజెంటు ప్రమేయం లేదు, ఉండకూడదు కూడా.

ఆ వారమే ఆమె తన 30 పాలసీల నామినీ గడులు తిరగేసింది. ఆరింటిలో పెళ్ళికి ముందటి నామినీలే. ఆరూ మార్పించింది. అదే వీధి నుంచి రెండు నెలల్లో అయిదు ప్రపోజల్స్ వచ్చాయి. అందులో రెండు పూర్తి టర్మ్ పాలసీలు, అంటే గడువులోపు మనిషి పోతేనే డబ్బొచ్చేవి. అంతకు ముందు ఆ ఊళ్ళో "ఏమీ తిరిగిరాని" టర్మ్ పాలసీ ఎవరూ కొనలేదు. పోయినవాడి ఇంటికి డబ్బొచ్చిందని చూశాక అడిగారు.

ఇప్పుడు ఆమె డైరీ పని ఇది. నెల మొదట్లో పోర్టల్ నుంచి డ్యూ లిస్టు. వాయిదాకు 20 రోజుల ముందు ఒక ఫోను, వాయిదా రోజు వాట్సాప్, గ్రేస్ ముగియడానికి 10 రోజుల ముందు ఇంటికి. మెసేజ్ చిన్నది: "నమస్తే పెద్దమ్మా. మీ పాలసీ వాయిదా రూ. 12,000, ఈ నెల 28. కట్టగానే రశీదు ఫోటో పంపుతాను." రశీదు ఫోటో ఎందుకంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు. అంతకు ముందు ఎండోమెంట్‌కు తొలి ఏడాది 4.5 శాతం ఉండేది. 12,000 ప్రీమియానికి పోయినేడు 12,540 కట్టినవాళ్ళకు ఈ ఏడు 12,000 అనగానే ఇద్దరు "అప్పుడు 540 నువ్వే తిన్నావా" అని అడిగారు. రెండు రశీదులు పక్కపక్కన పెట్టి చూపిస్తే గాని నమ్మలేదు. నోటితో చెప్పి గెలిచే వాదన కాదది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 2024 అక్టోబర్ మార్పు తర్వాత తొలి ఏడాది కమీషన్ బోనస్‌తో కలిపి 35 శాతం నుంచి 28కి తగ్గింది. రెన్యూవల్ కమీషన్, అంటే రెండో ఏడాది నుంచి కట్టే ప్రీమియాల మీద వచ్చేది, 5 నుంచి 7.5కి పెరిగింది. కొత్త ప్రీమియం ఏటా 2,40,000 చొప్పున అయిదేళ్ళు చేశారనుకుందాం. తొలి ఏడాది తర్వాత 60 శాతమే నిలిచి, ఆపై ఏటా 90 శాతం నిలిస్తే, ఆరో ఏట రెన్యూవల్ కమీషన్ సుమారు 44,000. మొదట 85, ఆపై 95 నిలిస్తే సుమారు 69,000. అదే ఏజెంటు, అవే తలుపులు తట్టింది, అదే పెట్రోలు. అయినా 69,000తో ఇల్లు గడవదు, ఆ మాట దాచి ఎవరినీ ఈ వృత్తిలోకి పిలవకూడదు. అందుకే ఒక జీవిత బీమా కంపెనీతో పాటు ఒక జనరల్, ఒక ఆరోగ్య బీమా కంపెనీ ఏజెన్సీ కూడా తీసుకునే వీలుంది, తీసుకోవాలి. బండి ఇన్సూరెన్సు, ఆరోగ్య పాలసీ ఏటా కొత్తగా రాయాల్సినవే. ఆ వంకతో గడప ఏటా దాటవచ్చు. ఈమె ఇంకా తీసుకోలేదు, త్వరలో తీసుకోవాలనుకుంటోంది.

డైరీలో ఇప్పుడు పేరు, పుట్టినతేదీ పక్కన ఒక కొత్త గడి చేరింది: డబ్బు ఎప్పుడొస్తుంది. పోయిన జూన్‌లో ఒక కౌలు రైతు భార్య తనంతట తానే 15,000 వార్షిక పాలసీ అడిగింది. గడిలో "జనవరి" అని ఉంది. ఇప్పుడు చేస్తే ప్రతి జూన్‌లోనూ ఇదే ఇబ్బంది, సంక్రాంతి తర్వాత రాద్దామంది ఏజెంటు. ఆమె తలూపింది. పది రోజుల తర్వాత ఆ పాలసీ ఇంకో ఏజెంటు కోడ్ మీద పడింది, అర్ధ సంవత్సరం మోడ్‌లో.